ఊట నీళ్లు, పాల సీసా

ఫిబ్రవరి 6

బావమరిదికి,

నీ ఉత్తరం అందింది. రెండు నెలలకోసారి రాసి, అందులోనూ సగం పేజీ ఎండల గురించి రాసేవాణ్ణి నిన్నొక్కణ్ణే చూశాను. ఇక్కడా ఎండలు మొదలయ్యాయి. ఆ ముచ్చట అయిపోయింది కాబట్టి అసలు సంగతికి వస్తాను.

మీ అక్క నడుస్తోంది.

గోడ పట్టుకుని ఇంట్లో తిరగడం కాదు. నిన్న పొద్దున కొండ మీది ఊటమందిరం దాకా, అరవై రెండు మెట్లు ఎక్కింది. మధ్యలో రెండుసార్లే ఆగింది. ఆమె జారిపడి కుడికాలు మొద్దుబారి ఎనిమిది నెలలు. నరం దానంతట అదే కోలుకోవాలి, మనం చేసేదేం లేదని డాక్టరు చేతులెత్తేశాడు. ప్రెస్సులో రిటైరయ్యాక నేను ఈ మందిరం చూసుకుంటున్నానని నీకు తెలుసుగా. పొద్దున్నే తలుపు తీయడం, ఊడవడం, వచ్చినవాళ్లకు గ్లాసు అందించడం, అంతే నా పని. ఇక్కడ బోధించేవాళ్లెవరూ లేరు. రాతిలోంచి నీళ్లు వస్తాయి. జనం వచ్చి మాట్లాడకుండా కాసేపు కూర్చుంటారు, తాగుతారు, పోతారు. మీ అక్కకు రోజూ ఆ రాతి దగ్గరే పట్టి తెచ్చి ఇచ్చాను. ఎనిమిది నెలలు ఒక్కరోజు మానలేదు.

నువ్వు నవ్వుతావు. నవ్వుకో. నవ్వడం అయ్యాక, ఈ ఉత్తరంతో పంపుతున్న సీసాలో నీళ్లు తాగు. ఆ తలనొప్పి మాత్రలు ఎన్నాళ్లు మింగుతావు? మా వీధి లారీ డ్రైవరు మీ ఊరి మీదుగానే పోతున్నాడు. మూడు రోజుల్లో చేరుస్తానన్నాడు.

నీ బావ


ఫిబ్రవరి 14

బావగారికి నమస్కారాలు.

అక్క నడుస్తోందన్న వాక్యం నాలుగుసార్లు చదివాను. ఆఫీసులో పక్క బల్లవాళ్లకు కూడా వినిపించాను. ఆ తర్వాతి వాక్యాలు వినిపించలేదు, మీ పరువు కోసం.

నలిగిన నరం ఎనిమిది తొమ్మిది నెలలకు కోలుకోవడం మామూలే. ఆ ఎనిమిది నెలలూ అక్క రేడియో విని ఉంటే, కాలు రేడియో వల్ల బాగైందనేవారా? మీ పెళ్లయిన ఏడాది మొదలైంది మన ఈ వాదన. ఇన్నేళ్లలో మీరు ఒక్క అంగుళం కదల్లేదు. నేనూ కదల్లేదు, కానీ నా దగ్గర కారణాలున్నాయి.

సీసా అందింది. తాగలేదు. పంతొమ్మిదేళ్లుగా నీళ్లు పరీక్షించే ల్యాబులో ఉన్నవాడికి ఎవరైనా నీళ్లిస్తే చేయి నోటిదాకా పోదు, పళ్లెం దాకా పోతుంది. క్రిములకు మేతగా పనికొచ్చే మందు పూసిన పళ్లెంలో మీ నీళ్లు వేసి, వెచ్చని పెట్టెలో ఒక రోజు ఉంచాను. నీళ్లలో క్రిమి ఉంటే పళ్లెం మీద చుక్కై లేస్తుంది. మీ పళ్లెం మీద లెక్కపెట్టలేనన్ని చుక్కలు లేచాయి. అవి మురుగులో పెరిగే క్రిములు బావగారూ. కడుపులు పాడుచేసేవి.

అక్క చేత ఆ నీళ్లు మాన్పించండి. మందిరం మూయండి. ఇది నా అభిప్రాయం కాదు, లెక్క. మీ ఊరి ఆరోగ్యశాఖ ఆఫీసుకు కూడా ఒక కాగితం పంపాను. అది నా డ్యూటీ, తప్పుగా అనుకోకండి.

మీ బావమరిది


ఫిబ్రవరి 22

బావమరిదికి,

తప్పుగా అనుకోవద్దన్నావు. సరే, తప్పుగా కాక ఇంకెలా అనుకోవాలో అది కూడా రాయాల్సింది.

నీ కాగితం పట్టుకుని సోమవారం ఇద్దరు మనుషులు వచ్చారు. మందిరం తలుపు మీద నోటీసు అంటించారు. ఒక్క మాట మాట్లాడలేదు, జిగురు మాత్రం బాగా రాశారు. వాళ్లు మెట్లు దిగకముందే జనం దాన్ని చింపేశారు. ఆ రోజు మామూలు కంటే ఎక్కువమంది తాగారు, పంతానికి. నీ డ్యూటీ ఆ రకంగా నెరవేరింది.

నేను పంపింది ప్రేమ. పొద్దున్నే లేచి, మీ అక్క వంటింట్లోంచి పాల సీసా తీసి, శుభ్రంగా కడిగి, రాతి దగ్గరికి పోయి నా చేత్తో నింపి పంపాను. నువ్వు దాన్ని బోనులో నిలబెట్టావు. నలభై ఏళ్లుగా జనం తాగుతున్నారు. ఒక్కరు మంచం పట్టారా? నువ్వు చుక్కలు లెక్కపెట్టావు. నేను మనుషుల్ని చూస్తున్నాను.

ఇక్కడ రొట్టెల దుకాణం నడిపే ఒకామె ఉంది. ఆమె కూతురికి ఆరేళ్లు. రెండు వారాలుగా పిల్లకు కడుపులో ఏదీ నిలవడం లేదు. తల్లి రోజూ వచ్చి, మెట్ల మొదట్లో రాతి నీళ్లు దిగి నిలిచే తొట్టి దగ్గర రెండు సీసాలు పట్టుకుపోతోంది, పిల్లకు అవే తాగిస్తోంది. ఆమెతో నీ లెక్క చెప్పమంటావా? ఆమెకున్న ధైర్యం అదొక్కటే.

మీ అక్కకు నీ ఉత్తరం చూపించాను. "వాడు పరీక్ష పెట్టకుండా ఉండలేడు, మీరు సీసాలు పంపకుండా ఉండలేరు. మధ్యలో నా కాలు ఏం చేసింది?" అంది.

బావ


మార్చి 1

బావగారికి,

చిన్న ఉత్తరం. కోపం తర్వాత పడదాం.

ఆ పిల్లకు ఆ నీళ్లు పట్టడం ఇవాళే ఆపించండి. పిల్లను ఆస్పత్రికి పంపండి. మూడు వారాలుగా కడుపులో ఏదీ నిలవని పిల్లకు మళ్లీ అవే నీళ్లు తాగించడమేమిటి? మీరు మనుషుల్ని చూస్తున్నానన్నారు. ఈ ఒక్క మనిషిని చూడండి చాలు.

నేను పంపిన లెక్కలో తేడా లేదు. అందులో అనుమానం పెట్టుకోకండి.

మీ బావమరిది


మార్చి 9

బావమరిదికి,

మందిరం మూసేశాను.

నువ్వు గెలిచావని రాయడం లేదు. ఎందుకు మూశానో చెబుతాను విను. ముప్పై ఒక్క ఏళ్లు ప్రెస్సులో ప్రూఫులు దిద్దాను. ఎవరైనా పరుగెత్తుకొచ్చి పన్నెండో పేజీలో తప్పుందంటే, ముందు యంత్రం ఆపేవాణ్ణి, ఆ తర్వాత వాడితో పోట్లాడేవాణ్ణి. నీ చిన్న ఉత్తరం చదివిన రోజు సాయంత్రం దాకా అటూఇటూ తిరిగాను. మీ అక్క అన్నది, "మా తమ్ముడు మొండివాడే. కానీ చిన్నప్పటి నుంచి నాతో అబద్ధం చెప్పలేదు." నాకు ఆ మాట చాలింది. పరీక్షకు భయపడే నమ్మకం నమ్మకమే కాదని కూడా అనిపించింది.

మర్నాడు తలుపుకీ తొట్టి కుళాయికీ తాళాలు వేసి మెట్ల మీద నిలబడ్డాను. నలభై మంది దాకా పోగయ్యారు. రొట్టెల దుకాణం ఆమె సీసాలతో ముందుకు వచ్చింది.

"నీళ్లు దేవుడివి. తాళం వేయడానికి నువ్వెవరు?"

"దేవుడికి తాళం అక్కర్లేదమ్మా. నాకు కావాలి. పిల్లను ఆస్పత్రికి తీసుకెళదాం, పద."

"నిన్నటిదాకా నీ చేత్తో గ్లాసు అందించావు. ఇప్పుడు విషమంటున్నావా?"

ఆమె అక్కడే మెట్టు మీద కూలబడింది. నేనూ పక్కన కూర్చున్నాను. "పిల్లకేమన్నా అయితే నిన్ను వదలను" అంది. "వదలకు" అన్నాను. ఇద్దరం కలిసి పిల్లను బండిలో తీసుకెళ్లాం. ఒంట్లో నీరు బాగా పోయిందని, ఇంకో రెండు రోజులు ఆగి ఉంటే కష్టమయ్యేదని అన్నారు. సూది ద్వారా నీరు ఎక్కిస్తున్నారు. ఆహారం వల్లో నీళ్ల వల్లో చెప్పలేమన్నారు.

మందిరం సంఘం పెద్ద, కలప వ్యాపారి, సాయంత్రం మనుషుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు. నన్ను తీసేశామన్నాడు, తాళంచెవులు ఇమ్మన్నాడు. మొదటిదానికి ఒప్పుకున్నాను. తాళంచెవులు నా జేబులోనే ఉన్నాయి. వీధిలో ఇప్పుడు నాతో మాట్లాడేవాళ్లు తక్కువ. దానివల్ల చదువుకోవడానికి తీరిక దొరికింది.

బావ


మార్చి 15

బావగారికి,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపాను. నాలుగోసారి సూటిగా రాస్తున్నాను.

నా పరీక్ష చెల్లదు.

పరీక్షకు తెచ్చే నీళ్లు వేడిలో శుద్ధిచేసిన సీసాలో పట్టాలి. మంచు పెట్టెలో పెట్టి ఒక రోజులోపు ల్యాబుకు చేర్చాలి. కొత్తగా చేరిన పిల్లలకు మొదటి రోజు నేను చెప్పే మొదటి పాఠం ఇది. మీ నీళ్లు మూడు రోజులు లారీలో ఎండకు తిరిగి వచ్చాయని నాకు మొదటి నుంచీ తెలుసు. అయినా పరీక్షించాను, లెక్కంటూ రాశాను. ఆ తర్వాత అది పాల సీసా అని మీరే రాశారు. ఎంత కడిగినా పాల సీసాలో క్రిములు మిగులుతాయి, మూడు రోజుల ఎండలో అవి వేలకు వేలు అవుతాయి. నేను చూసిన చుక్కలు ఊటవో సీసావో ఎవరూ చెప్పలేరు.

అది తెలిసి కూడా మార్చి ఒకటిన మీకు లెక్కలో తేడా లేదని రాశాను. అది అబద్ధం. ఎందుకు రాశానంటే, నీళ్లు చెడ్డవేనని నా మనసులో ఎప్పుడో తీర్మానమైపోయింది. అక్క మానేస్తుంది, ఆ పిల్ల బతుకుతుంది, మంచే కదా అనుకున్నాను. ఋజువు లేకుండా నమ్మేవాళ్లని మిమ్మల్ని పాతికేళ్లు ఎగతాళి చేశాను. చివరికి ఋజువు లేకుండా నమ్మిందీ, నమ్మిన దానికి ఋజువు పుట్టించిందీ నేను.

నా మాట మీద మీరు నలుగురిలో చెడ్డయ్యారు. మందిరం తెరవండని రాయలేను. మూసి ఉంచండని రాయలేను. ఆ నీళ్ల గురించి నాకేమీ తెలియదు. ఇవాళ నా దగ్గరున్న నిజం ఇంతే.

మా ఆఫీసరుకు అంతా చెప్పాను. మీ ఊరి ఆరోగ్యశాఖకు కూడా రాశాను. ఆ పరీక్షను రద్దుచేసి, నాకొక మెమో ఇచ్చారు. ఇవ్వాల్సిందే.

బావమరిది


మార్చి 21

బావమరిదికి,

నీ ఉత్తరం వచ్చాక రెండు రోజులు కలం పట్టలేదు. పట్టి ఉంటే నువ్వు ఈ జన్మలో మరిచిపోలేని ఉత్తరం ఒకటి వచ్చి ఉండేది.

మీ అక్కకు చదివి వినిపించాను. విని లేచి వెళ్లి గిన్నెలు సర్దుకుంది. సర్దినవే మళ్లీ సర్దింది. ఆమెకు విడిగా ఉత్తరం రాయకు. వచ్చి చెప్పు.

మూడో రోజు మెట్ల దగ్గరికి వెళ్లి, నీ ఉత్తరం నలుగురిలో పైకి చదివాను. నీ పరువు చూసుకోలేదు. నాకూ మిగల్లేదు కాబట్టి సమానమే. కలప వ్యాపారి పెద్దగా నవ్వి, "అయితే ఇంకేం, తాళం తీయ్" అన్నాడు.

"తీయను. ప్రూఫు సరిగా దిద్దలేదని తేలితే అచ్చులో తప్పు లేదని కాదు. మళ్లీ దిద్దాలని."

"ఇంతకీ నువ్వు ఎటువైపు?"

నాకే తెలియదని చెప్పాను. మా సంఘంలో ఆ మాట పైకి అన్నవాడు ఇంతవరకూ లేడు. అప్పుడు రొట్టెల దుకాణం ఆమె లేచింది. పిల్ల నాలుగు రోజులుగా తిండి నిలుపుకుంటోంది. "ఆ తమ్ముణ్ణి రమ్మనండి. మా కళ్లముందు నీళ్లు పట్టమనండి. ఏం తేలినా నేను వింటాను" అంది. ఆమె అన్నాక కాదనే ధైర్యం కలప వ్యాపారికి కూడా లేకపోయింది.

వచ్చే శనివారం రా. నీ సీసాలతో రా.

బావ


ఏప్రిల్ 2

బావగారికి నమస్కారాలు.

ఫలితాలు స్వయంగా వచ్చి చెప్పమన్నారు. కాగితం మీదైతే మీరు పదిమందికీ చదవచ్చు, అందుకే రాస్తున్నాను.

ఆ రోజు మీ అందరి ముందు మూడు చోట్ల పట్టాను. రాతి దగ్గర, రాతి నుంచి కిందికి వచ్చే గొట్టంలో, మెట్ల మొదట్లో ఉన్న తొట్టి కుళాయి దగ్గర. ఒక్కోచోట రెండేసి సీసాలు. కుళాయి మూతిని మంటతో కాల్చినప్పుడు వెనక నుంచి ఎవరో "ఇది కూడా ఒక పూజే" అన్నారు. నాకు నవ్వొచ్చింది, కానీ మంట చేతిలో ఉంది కాబట్టి ఆపుకున్నాను. మంచు పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో అయిదు గంటలు కూర్చున్నాను. ల్యాబులో నేను ముట్టుకోలేదు. సీసాల మీద అంకెలు మాత్రమే వేసి ఇద్దరు వేరే మనుషులకు ఇచ్చాను, ఏది ఎక్కడిదో వాళ్లకు తెలియకుండా.

రాతి దగ్గర నీళ్లలో ఒక్క చుక్క లేవలేదు. మా పట్నం కుళాయిల కంటే శుభ్రం. గొట్టమూ శుభ్రమే. తొట్టి నీళ్లు మాత్రం మురుగుతో సమానం. ఎవరూ అందులో చేతులు కూడా కడగకూడదు.

ఆ తొట్టి రెండేళ్ల క్రితం కట్టారని, జనం పైదాకా ఎక్కే పని లేకుండా అని మీరు చెప్పారు. మరుగుదొడ్లూ అదే ఏడాది కట్టారు, తొట్టికి నాలుగు అడుగుల ఎగువన. తొట్టి వెనకగోడలో చేయి పట్టేంత పగులు చూశాను. నలభై ఏళ్లుగా ఎవరూ మంచం పట్టలేదని మీరన్నది నిజమే అయివుండాలి. ముప్పై ఎనిమిదేళ్ల వరకూ నిజం. అక్క తాగింది రాతి నీళ్లు, ఆ పిల్ల తాగింది తొట్టి నీళ్లు.

మీరు తాళం వేసి ఉండకపోతే ఆ పిల్ల ఏమై ఉండేదో ఆలోచించడం మానేశాను. చెల్లని లెక్క మీద సరైన పని జరిగింది. దాన్ని నా ఖాతాలో వేసుకోను.

ఇంకొక సంగతి. మీరు బయట సంఘం వాళ్లతో మాట్లాడుతున్నప్పుడు అక్క దగ్గర కూర్చున్నాను.

"ఎందుకురా అబద్ధం రాశావు?" అంది.

"నువ్వు ఆ నీళ్లు మానాలని."

"నన్ను అడిగితే మానేదాన్ని కదరా."

అంతే అంది. తర్వాత కంచం పెట్టింది. తిన్నాను గానీ ఏం తిన్నానో గుర్తు లేదు.

మీ బావమరిది


ఏప్రిల్ 12

బావమరిదికి,

నీ ఉత్తరం మెట్ల మీద నిలబడి చదివాను. రాతి దగ్గర శుభ్రమన్న ముక్క వచ్చినప్పుడు నా గొంతు పెద్దదైంది. నాకే వినబడింది. జనం కూడా ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వారు. ఆ క్షణంలో నాలో ఉన్నది భక్తి కాదు, గెలిచానన్న పొగరు. తొట్టి ముక్క చదివేసరికి దిగింది. ఇంటికొచ్చాక సిగ్గనిపించింది. నీకు చెప్పుకుంటే గానీ పోదు కాబట్టి రాస్తున్నాను.

తొట్టి మీద కలప వ్యాపారి వాళ్ల నాన్న పేరుతో రాతిపలక ఉంది. ఉత్తరం విన్నాక ఆయన ఇంటికి వెళ్లిపోయాడు. మూడు రోజులు దుకాణం కూడా తెరవలేదు. కోర్టుకు పోతాడని కొందరన్నారు. నాలుగో రోజు ఉలీ సుత్తీ తెచ్చుకుని ఒక్కడే కూర్చుని ఆ పలకను జాగ్రత్తగా ఊడదీశాడు. గుడ్డలో చుట్టి పక్కన పెట్టి, "ఇక కొట్టండి" అన్నాడు. మధ్యాహ్నానికి తొట్టి లేదు. పలక తీస్తున్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. మా నాన్న పేరుతో చేసిన మంచి పని వల్ల ఒక పిల్ల చావబోయిందని తెలిస్తే నేను అంత పని చేయగలిగేవాణ్ణా అనుకున్నాను. ఆయన మీద ఇన్నాళ్లూ ఉన్న చిరాకు ఆ రోజుతో పోయింది.

రొట్టెల దుకాణం పిల్ల ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. నిన్న మెట్ల మీద ఎగురుతోంది. వాళ్లమ్మ నాతో అన్నది, "నీళ్లు లేని రోజుల్లో ముందుకంటే ఎక్కువ ప్రార్థించాను. దానివల్లే తగ్గింది." నీ పేరు ఎత్తలేదు, ఆస్పత్రి పేరు ఎత్తలేదు. "కావచ్చమ్మా. ఇంట్లో నీళ్లు మాత్రం కాచి పట్టు" అన్నాను. "కాస్తున్నాను, ఆమాత్రం నాకు తెలియదా" అంది. నువ్వు ఇక్కడ ఉంటే ఆమెతో వాదన పెట్టుకునేవాడివి. కాస్తోంది కదా, వదిలెయ్.

మీ అక్క కాలి సంగతి కూడా తేలింది. నీ నరమా, నా నీళ్లా అని మొన్న అడిగాను. "రెండూ కాదు. ఎనిమిది నెలలు మీరు పొద్దున్నే వెళ్లిపోతుంటే కిటికీ దగ్గర ఒక్కదాన్నే కూర్చోలేక విసుగొచ్చింది. ఎక్కితే ఎక్కాను, పడితే పడ్డాను అని బయల్దేరాను" అంది. ఆమె మాట పరీక్షించడానికి నీ దగ్గర పళ్లెం ఉంటే చెప్పు.

సంఘం నన్ను మళ్లీ రమ్మంది. రెండు షరతులు పెట్టాను. ఒకటి సంఘానికి: నెలకోసారి నీళ్లు ల్యాబుకు వెళ్లాలి, వచ్చిన కాగితం ఏదైనా తలుపు మీద అతికించాలి, మంచిదైనా చెడ్డదైనా. అందరూ ఒప్పుకున్నారు. రెండోది నీకు. ఆ నీళ్లు పట్టుకెళ్లడానికి నువ్వే రావాలి. వచ్చినప్పుడల్లా రాతి దగ్గర అరగంట మాట్లాడకుండా కూర్చోవాలి. ఏమీ నమ్మనక్కర్లేదు. నేను నీ పరీక్షకు నిలబడ్డాను. నువ్వూ నా పరీక్షకు కూర్చో.

నీ బావ


ఏప్రిల్ 18

బావగారికి నమస్కారాలు.

షరతు ఒప్పుకుంటున్నాను. ప్రతి నెలా ఆఖరి శనివారం మొదటి బస్సుకు వస్తాను, శుద్ధిచేసిన సీసాలు నాలుగు తెస్తాను. మూతలు నేను చెప్పేదాకా ఎవరూ తీయకూడదు, మీరు కూడా.

అక్క విసుగును కొలిచే పరికరం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఆమె మాటే ఖాయం చేసుకోండి.

అరగంట కూర్చుంటాను. గడియారం తీసి మీ చేతికిస్తాను. కళ్లు మాత్రం తెరుచుకునే ఉంటాను.

మీ బావమరిది